కట్టు విప్పిన తర్వాత

చీలమండ ఎముక విరిగితే అతుక్కోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. చూడ్డానికొచ్చేవాళ్ల రాకపోకలు మాత్రం రెండో వారంలోనే పలచబడతాయి. మొదటి వారం ఇంటినిండా జనం, బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్సు సీసాలు. రెండో వారం దారినపోతూ గుమ్మంలోంచే ఓ పలకరింపు. మూడో వారానికి మన కాలు పాత కబురైపోతుంది, ఊళ్లో ఇంకెవరికో ఇంకేదో అయివుంటుంది. దీనికి ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు, ఎవరి పనులు వాళ్లకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే, మన దగ్గరున్న ధైర్యవచనాలన్నీ అంతగా అక్కర్లేని రోజుల్లోనే ఖర్చయిపోతాయి. కొత్తగా కట్టు పడ్డవాడికి ధైర్యం కన్నా నొప్పి మాత్ర ముఖ్యం. అసలు ధైర్యం కావలసింది కట్టు విప్పాక. అప్పటికి పక్కన ఎవరూ ఉండరు. దూరాన ఉన్న స్నేహితుడు అక్కరకొచ్చేది ఆ సమయంలోనే. ఎలాగూ అతనికి కబురు ఆలస్యంగానే అందుతుంది, చేత్తో చేయగలిగింది కూడా ఏమీ ఉండదు.

ఈ సంగతి పెదబయలు దగ్గర పెట్టుకుని ఆలోచిస్తే బాగా అర్థమవుతుంది. బల్లపరుపు ఊళ్లో కాలు చెడితే ఆటో ఉంటుంది, గడపదాకా వస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెదబయలు ఒక మండలం. పాడేరు నుంచి ముంచింగిపుట్టు వెళ్లే దారిలో మండల కేంద్రం తగులుతుంది. అక్కడిదాకా బస్సుకి ఢోకా లేదు. రోడ్డు దిగి లోపలికి వెళ్లేకొద్దీ కాలే బస్సు. ఊట దగ్గరికి, పోడుకి, సంతకి, అన్నిటికీ ఎక్కుడో దిగుడో తప్ప చదును ఉండదు. గోమంగిలో, రూడకోటలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. వాటిదాకా రాలేని కాలుని డోలీలో తేవాలి. వెదురు బొంగుకి దుప్పటి గానీ చీర గానీ రెండు కొసలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. మోసేది ఇద్దరే అయినా వెంట ఇంకో నలుగురైనా ఉండాలి, భుజాలు మార్చుకోవాలి కదా. వాన పడ్డ రాళ్ల మీద దిగేటప్పుడు మోసేవాళ్ల చీలమండలు ఎలా ఉంటాయో ఎవరూ రాసుకోరు. అక్కణ్నుంచి అంబులెన్సులో పాడేరు, పెద్ద విరుపైతే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి. పాడేరు నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే, అందులో కొంత ఘాట్ రోడ్డు.

నా నేస్తం ఒకడు ఆ మండలంలోనే ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. విశాఖలో కలిసి చదువుకున్నాం. నేను కాకినాడలో స్థిరపడ్డాను, వాడు తన కొండకి తను వెళ్లిపోయాడు. ఓ వానాకాలం సాయంత్రం కుళాయి దగ్గర పాచిపట్టిన రాయి మీద కాలు జారి చీలమండ బయటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. డోలీ యోగం పట్టలేదు, బడి రోడ్డు పక్కనే. ఈ వ్యాసంలో వాడు అక్కడక్కడా కనిపిస్తాడు, కథ మాత్రం వాడిది కాదు, కాలుది.

పాదంలో 26 ఎముకలుంటాయి. రెండు పాదాలకీ 52. ఒంట్లో మొత్తం ఎముకలు 206 అనుకుంటే అందులో నాలుగోవంతు చీలమండల కిందే ఉన్నాయన్నమాట. ఇన్ని ముక్కలు ఎందుకంటే రాయి మీద రాయిలా, బురదలో బురదలా ఒదగడానికి. ఎముక విరగ్గానే అక్కడ రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తటి మృదులాస్థి లాంటి అతుకు పడుతుంది. తర్వాత అందులోకి కాల్షియం చేరి గట్టి ఎముక అవుతుంది. ఆరో వారానికి ఎక్స్‌రేలో డాక్టరు తల ఊపేంత అతుకు కనిపిస్తుంది. అది పాత ఆకారానికి, పాత బలానికి వచ్చే పని ఆ తర్వాత నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఆరు వారాలు అన్న మాట అందరికీ గుర్తుంటుంది, ఈ నెలల సంగతి కాగితం మీద ఎవరూ రాయరు.

ఈ ఆరు వారాల్లో దూరపు స్నేహితుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వేళ్లు ఎలా ఉన్నాయి? కాలు ఎలా ఉందని కాదు, కట్టు బయటికి కనిపించే వేళ్ల సంగతి. నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేలు కదిపితే పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా కట్టు బిగుసుకుందని అర్థం. ఆ రాత్రికి ఆ రాత్రే విప్పించాలి, తెల్లారాక చూద్దాం అంటే కుదరదు. పిండి కట్టుకైనా, పసరు కట్టుకైనా సూత్రం ఇదే. మన రాష్ట్రంలో ఎముక విరిగిన మనిషికి మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ. పుత్తూరు తిరుపతి దగ్గరుంది, పుత్తూరు కట్టు బోర్డు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది. ఎక్కడ కట్టించుకున్నా ఎక్స్‌రే తీయించడం, వేళ్లని చూసుకోవడం మానకూడదు. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పెడితే నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానికీ వాయిదా లేదు.

తిండి గురించి ఒక మాట. వంద గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది దాటదు. మన్యంలో ఇంటింటా చోడి అంబలి కుండ ఉంటుంది. చూడ్డానికొచ్చినవాళ్లు ఆ కుండ పక్కనే హార్లిక్సు సీసా పెట్టి, ఎముకకి బలం అని చెప్పి వెళ్తారు. అదే చేత్తో ఒక చుట్ట కూడా ఇచ్చి, పొద్దుపోతుందిలే అంటారు. పొగ తాగేవాళ్లకి ఎముక అతుకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి పడనే పడదు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలకి ఈ మాట చెప్పి ఒప్పించిన మనిషిని నేనింకా చూడలేదు. వయసులో ఉన్నవాడికైతే ఆ కట్టున్నన్నాళ్లు మానెయ్యరా అని చెప్పొచ్చు. దూరంనుంచి చెబితే ఇంకా మంచిది, మన చేతిలో వాడికి ఇవ్వడానికి చుట్ట ఉండదు.

ఇక కట్టు విప్పే రోజు. ఆ రోజు మీద అందరికీ పండగంత ఆశ ఉంటుంది. కట్టు విప్పితే లేచి నడవడమే అనుకుంటారు. విప్పాక కనిపించేది వేరు. పొట్టు రాలుతున్న చర్మం, సగమైపోయిన పిక్క, ఇటూ అటూ కదలని చీలమండ, కిందికి వేలాడేసిన పావుగంటకే ఎర్రబడి ఉబ్బే పాదం. కాలు నేలకి ఆనిస్తే అది తనది కానట్టు ఉంటుంది. మా వాడు ఆ రాత్రి ఫోనులో అన్న మాట: “కట్టున్నప్పుడే నయం రా. అప్పుడు విరిగిందని తెలిసేది. ఇప్పుడు అతికిందట, నడవడం మాత్రం రాదు.”

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కండ వాడకపోతే వారాల్లోనే కరుగుతుంది, మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. నడుస్తున్నప్పుడు పిక్క కండ బిగిసి వదిలిన ప్రతిసారీ పాదంలోని రక్తాన్ని పైకి తోస్తుంది. ఆ కండే లేనప్పుడు నీరంతా కిందే నిలుస్తుంది, అందుకే పొద్దున్న సన్నగా ఉన్న పాదం సాయంత్రానికి బూరెలా అవుతుంది. ఈ సాయంత్రపు వాపు మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ఎముక మళ్లీ విరిగిందేమోనన్న భయం పుట్టేది దీన్ని చూసే. పొద్దుటికి తగ్గే వాపైతే అది మామూలు వాపే. ఈ ఒక్క వాక్యం సరైన రోజున ఎవరైనా చెబితే, “నీకేం కాదు, ధైర్యంగా ఉండు” అన్న మాట వందసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ ధైర్యం వస్తుంది.

కొండ మీద ఇంకో ఇబ్బంది. చీలమండ ముందుకి వంగకపోతే చదునులో ఎలాగోలా నడవొచ్చు. ఎక్కుడు ఎక్కాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా ఆ వంపు తప్పదు. గొంతుక్కూర్చోలేకపోతే పొయ్యి దగ్గరా కష్టమే, మరుగుదొడ్డిలోనూ కష్టమే. అందుకే ఫిజియోథెరపీ వాళ్లు మొదట ఆ వంపు మీదే పడతారు. తువ్వాలు పాదానికి తగిలించి రెండు చేతులా వెనక్కి లాగమంటారు. కాలు గాల్లో పెట్టి బొటనవేలితో అక్షరాలు రాయమంటారు. ఎ, బి, సి, డిలు రాయమనడం వాళ్ల పాఠంలో ఉంది. ఇందులో మనకి ఎవరూ చెప్పని అదృష్టం ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో సగం గీతలే, వాటితో చీలమండ పైకీ కిందకీ ఊగుతుంది అంతే. తెలుగు అక్షరాలు అన్నీ గుండ్రనివి, పైగా యాభై పైచిలుకు. ‘ఋ’ రాస్తే కీలు నాలుగు దిక్కులా తిరుగుతుంది, ‘ౠ’ రాస్తే తిరగని దిక్కు ఉండదు. పిల్లల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా పని దొరకని ఆ అక్షరానికి ఇన్నాళ్లకి ఒక ఉద్యోగం వచ్చింది. మా వాడు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని కాలితో అ ఆలు దిద్దుతుంటే, మూడో తరగతి పిల్లలు ఎదురుగా కూర్చుని ఏ అక్షరమో కనిపెట్టే పందెం కట్టేవారట. ‘ఘ’కీ ‘ఫ’కీ గొడవ వచ్చేదట. బలవంతంగా చేసే వ్యాయామం పది నిమిషాలు సాగదు, పిల్లలు ఎదురుగా కూర్చుంటే అరగంట సాగుతుంది.

కర్ర ఏ చేత్తో పట్టాలన్నది కూడా చాలామందికి తెలియదు. దెబ్బ తగిలింది కుడికాలైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలు వేసినప్పుడే కర్ర కూడా ముందుకి పడాలి, అప్పుడు బరువు రెండుగా పంచుకుంటుంది. మన సినిమాల్లో కుంటే తాతలందరూ దెబ్బ ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు, ఆ తాతల్ని చూసే మనమూ నేర్చుకున్నాం. చంక కర్రలైతే బరువు చేతుల మీదే ఉండాలి, చంక మీద వేలాడితే అక్కడి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. చదునులో ఉన్నవాళ్లకి ఇది మెట్ల దగ్గర పనికొచ్చే చిట్కా, పెదబయలులో గడప దాటిన దగ్గర్నుంచి పనే. దిగుడు కన్నా ఎక్కుడు తేలికని నెల తర్వాత గానీ ఎవరూ నమ్మరు. దిగేటప్పుడు ఒళ్లంతా ముందుకి తూలుతుంది, ఆ బరువుని ఆపేది పిక్కా తొడా, అవి రెండూ అప్పుడే కోలుకుంటూ ఉంటాయి.

ఎక్కుడు మాట వచ్చింది కాబట్టి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. వాలు ఎంతుందో మనిషి కన్ను ఎప్పుడూ పెంచి చూస్తుంది. ఐదు డిగ్రీల వాలుని చూపించి ఎంతుంటుందని అడిగితే ఇరవై అంటారని అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త డెన్నిస్ ప్రాఫిట్ బృందం 1995లో రాసింది. అలసిపోయినవాళ్లకి, బరువు మోస్తున్నవాళ్లకి ఇంకా నిట్రంగా కనిపిస్తుందట. 2008లో సిమోన్ ష్నాల్, ప్రాఫిట్, మరో ఇద్దరు కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. కొండ కింద ఒంటరిగా నిలబడినవాళ్ల కన్నా, పక్కన స్నేహితుడితో నిలబడినవాళ్లు వాలుని తక్కువగా అంచనా వేశారు. స్నేహం ఎంత పాతదైతే కొండ అంత తగ్గింది. ఆ తర్వాత ఇంగ్లండులో ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి పక్కన ఎవరూ లేరు. తమకి అండగా నిలిచిన ఒక మనిషిని కాసేపు తలుచుకోమన్నారు, అంతే. అలా తలుచుకున్నవాళ్లకి కూడా కొండ తక్కువగానే కనిపించింది.

ఈ తరహా ప్రయోగాల మీద పేచీలున్నాయి. ప్రయోగం చేసేవాడు ఏం వినాలనుకుంటున్నాడో పసిగట్టి, దానికి తగ్గట్టు జనం చెబుతారని కొందరు శాస్త్రవేత్తల వాదన. అది న్యాయమైన వాదనే. కాబట్టి స్నేహితుడు ఫోను చేస్తే కొండ వంగుతుందని నేను పందెం కాయను. కాని భయపడుతున్న కాలికి ఎదుట ఉన్న ఎక్కుడు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందన్నది, కట్టు విప్పిన ఎవర్నడిగినా చెప్పే సంగతి. ఇంట్లోవాళ్లు ఆ సమయంలో చేసేది రెండే. పని ఎక్కువగా ఉన్న ఇంట్లో “ఇంకెన్నాళ్లు కూర్చుంటావు” అంటారు, ప్రేమ ఎక్కువగా ఉన్న ఇంట్లో “నువ్వు లేవకు, మేం తెస్తాం” అంటారు. రెండూ కాలికి చేటే. మొదటిదానికి తొందరపడి పడతారు, రెండోదానికి అలవాటుపడి కూర్చుండిపోతారు. దూరాన ఉన్నవాడికి ఆ కాలుతో చేయించుకోవలసిన పనీ ఉండదు, ఆ కుంటుని రోజూ చూసే బాధా ఉండదు. కాబట్టి లెక్క సరిగ్గా చెప్పగలిగేది అతనే.

ఉత్తరాంధ్రలో, దాన్నానుకుని ఉన్న కొరాపుట్ వైపు, నేస్తరికం కట్టుకోవడం అనే పద్ధతి ఉంది. వేరే వేరే ఊళ్లవాళ్లు, ఒక్కోసారి వేరే వేరే కులాలవాళ్లు కూడా బట్టలు పెట్టుకుని నేస్తాలవుతారు. ఆపైన ఒకరినొకరు ‘నేస్తం’ అనే పిలుచుకుంటారు. పెళ్లికీ చావుకీ చుట్టంలాగే వస్తారు, పండక్కి బట్టలు పెడతారు. చుట్టరికంలో ఉండే ఆస్తి తగాదా ఇందులో ఉండదు కాబట్టి చుట్టరికం కన్నా బాగా నడుస్తుందని పెద్దవాళ్లంటారు. ఈ ఏర్పాటులో నాకు నచ్చేది ఏమిటంటే, స్నేహం ఇక్కడ మనసుకి తోచినప్పుడు గుర్తొచ్చేది కాదు, వంతు ప్రకారం చేయాల్సిన పని. దూరపు స్నేహితుడు కాలు విరిగినవాడికి చేసే సాయం కూడా వంతు ప్రకారమే ఉండాలి. గుర్తొచ్చినప్పుడు ఓ అరగంట మాట్లాడ్డం కన్నా, సంతకోసారి ఐదు నిమిషాలు మాట్లాడ్డం నయం. ఆరు వారాలంటే ఆరు సంతలు. పన్నెండో సంత దాకా ఫోను చేస్తానని మొదట్లోనే చెప్పేస్తే, అది ఎంతకాలం పట్టే వ్యవహారమో వినేవాడికి అప్పుడే అర్థమవుతుంది.

ఒకప్పుడు దీనికి ఉత్తరం ఒక్కటే దారి. ఇప్పుడు ఫోనుంది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాల్లో ఒకే రోజు వంద టవర్లు ప్రారంభిస్తే అందులో 85 ఈ జిల్లాలోవే. టవరుంటే చాలదు, వానాకాలంలో దానికి కరెంటు కూడా ఉండాలి. అందని రోజున మాట రికార్డు చేసి పంపడం మంచిది, సిగ్నలు దొరికిన మలుపులో విని, వాళ్లూ అక్కడే నిలబడి జవాబు పంపుతారు. పైగా ఆ మలుపుదాకా నడిచినట్టూ అవుతుంది.

ఇంతకీ ఏం మాట్లాడాలి? “ఎలా ఉంది?” అని అడిగితే తెలుగు దేశంలో ఎక్కడైనా వచ్చే జవాబు “పర్వాలేదు”. మంచాన ఉన్నవాడూ పర్వాలేదనే అంటాడు, సంతలో తిరుగుతున్నవాడూ పర్వాలేదనే అంటాడు. మా వాడితో కూడా కొన్నాళ్లు ఇలాగే నడిచింది. ఓ రోజు దారి మార్చాను.

“కర్ర పట్టుకునే నడుస్తున్నావా?”

“ఆఁ, పట్టుకునే.”

“నీళ్లు ఎవరు తెస్తున్నారు?”

“నేనే. పిల్లల్ని ఎందుకు తిప్పడం?”

“కుళాయి నుంచి ఎన్ని బకెట్లు?”

“రెండు. రెండు చేతుల్లో చెరొకటి, ఒకే తిప్ప.”

“మరి కర్ర ఎక్కడుంది రా?”

అవతల చాలాసేపు చప్పుడు లేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను.

చిన్న చిన్న ప్రశ్నల వల్ల లాభం ఇదే. నిన్న ఎక్కడిదాకా వెళ్లావు, దిగేటప్పుడు ఏ కాలు ముందు వేశావు, సాయంత్రం వాపు చెప్పు లోపలే ఉందా బయటికి వచ్చిందా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చిందా. వీటికి పర్వాలేదని జవాబు చెప్పలేరు. పైగా అడిగేవాడు పోయిన వారం జవాబు గుర్తుపెట్టుకుని ఉంటాడు. కాలు రోజుకింత మెరుగుపడేది కాదు, దాన్ని రోజూ చూసుకునేవాడికి తేడా తెలియదు. “పోయిన సంతకి నువ్వు వేపచెట్టు దగ్గర కూర్చున్నానన్నావు, ఈసారి కూర్చోలేదుగా” అని చెప్పేవాడు ఉంటే తెలుస్తుంది. ఏ డాక్టరూ ఇంత సన్నగా గుర్తుపెట్టుకోడు, ఆయనకి బయట వరుసలో ఇంకో యాభై మంది ఉంటారు.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి. “మా బావమరిదికి ఇలాగే అయితే పదిహేను రోజుల్లో లేచి పరిగెత్తాడు” అన్నది వాటిలో మొదటిది. ఆ బావమరిదికి విరిగింది చిటికెనవేలు అయివుంటుంది. రెండోది సుధా చంద్రన్ పేరెత్తడం. ఆమె గొప్పతనంలో సందేహం లేదు. 1981 మే నెలలో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం, మోకాలి కింద కాలు తీసేశారు. డాక్టర్ పి.కె. సేథీకి మెగసెసే పురస్కారం వచ్చిందని పత్రికలో చదివి జైపూర్ పాదం గురించి తెలుసుకుంది. మళ్లీ బొంబాయిలో వేదిక ఎక్కి నాట్యం చేసింది 1984 జనవరిలో. మధ్యలో రెండున్నరేళ్ల పైచిలుకు ఉంది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘మయూరి’ 1985లో వచ్చింది, తన కథలో తనే నటించినందుకు ఆమెకి జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ పురస్కారం దక్కింది. సినిమాల్లో సాధన అంతా ఒక పాటలో అయిపోతుంది కాబట్టి మనకి పాట గుర్తుంటుంది, రెండున్నరేళ్లు గుర్తుండవు. ఆమె పేరు చెప్పాలంటే ఆ తేదీలతో సహా చెప్పాలి. అప్పుడది నిజంగానే ధైర్యం.

జైపూర్ పాదం గురించి చెబుతూ ఒక పేరు చాలామంది వదిలేస్తారు. దాన్ని చేత్తో తయారుచేసినవాడు రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు, పెద్ద చదువులు లేనివాడు. అప్పట్లో విదేశీ కృత్రిమ పాదాలు బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసినవి. శర్మ, సేథీ కలిసి 1960ల చివర్లో రబ్బరుతో చేసిన పాదంతో ఒట్టికాళ్లతో నడవొచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బురదలో దిగొచ్చు. కుర్చీ తక్కువా కొండ ఎక్కువా ఉన్న చోట బతికేవాళ్లకి ఏం కావాలో ముందు చూసుకుని, తర్వాత పాదం చేశారు.

నొప్పి తగ్గిందన్న కబురు ఎప్పుడూ శుభవార్త కాదన్నది కూడా దూరపు స్నేహితుడికి తెలిసుండాలి. పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు సర్జను 1914లో కొల్లిమలలో పుట్టాడు. అవీ తూర్పు కనుమలే, తమిళనాడు కొస. 1946లో వెల్లూరు చేరి, అక్కడ కుష్ఠు రోగుల చేతులకీ కాళ్లకీ వైద్యం చేశాడు. అంతకుముందు కుష్ఠు వల్ల మాంసం దానంతటదే కుళ్లి రాలిపోతుందనుకునేవారు. అలా కాదని, నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడం వల్ల మేకు గుచ్చుకున్నా నిప్పు తగిలినా అలాగే నడిచి కాలు పాడుచేసుకుంటున్నారని ఆయన చూపించాడు. షుగరు వ్యాధిలో పాదాలకి జరిగేదీ ఇదే. షుగరున్న స్నేహితుడు “పుండుంది గానీ నొప్పి లేదు” అంటే సంతోషించకుండా మర్నాడే ఆసుపత్రికి తోలాలి. ఇలాంటి పాదాలకి మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులుంటాయి, కుష్ఠు బాధితులకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవీ అవే. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోమనాలి. ముఖం చూసుకోవడానికి వాడే సమయంలో నాలుగోవంతు చాలు.

చెప్పుల మాటకొస్తే, 2025 ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పెదబయలు ఉన్న జిల్లాలోనే డుంబ్రిగుడ మండలం పెదపాడు వెళ్లారు. అక్కడ చెప్పుల్లేని కాళ్లతో ఎదురొచ్చిన ఒక వృద్ధురాలిని చూసి, తర్వాత ఊరందరికీ, సుమారు 350 మందికి, చెప్పులు పంపించారు. వార్త అందరూ చూశారు. అంతకన్నా తక్కువ హడావుడితో ఒక స్నేహితుడు ఒక జత పంపొచ్చు. ఆర్టీసీ పార్సిల్లో వేస్తే పాడేరు చేరుతుంది. కాకపోతే కొనేముందు కొన్ని సంగతులు చూడాలి. హవాయి చెప్పు కోలుకుంటున్న కాలికి పనికిరాదు. అది జారకుండా వేళ్లతో బిగించి పట్టుకోవాలి, బలం లేని చీలమండ అప్పుడే మెలికపడుతుంది. మడమ వెనక పట్టీ, పైన బిగించుకునే వీలు, గట్టి అడుగు ఉండాలి. కొలత సాయంత్రమే తీయించాలి, పొద్దున్న కొలిస్తే సాయంత్రం వాపుకి పట్టవు. కొలవాల్సింది దెబ్బ తగిలిన పాదాన్ని, రెండోదాన్ని కాదు. కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి ఫోటో పంపమంటే అంకెల గొడవే ఉండదు.

ఇంకో తమాషా ఉంది. కోలుకుంటున్నవాడికి సమయం చాలా ఉంటుంది, కాళ్ల గురించి జ్ఞానం కూడా కొత్తగా వచ్చివుంటుంది. ఆ జ్ఞానం ఎక్కడో ఒకచోట ఖర్చుపెట్టాలి. నాకు పొద్దున్నే మంచం దిగగానే మడమలో మేకు దిగినట్టుంటుందని మాటవరసకి అన్నాను. అంతే, వంతు మారిపోయింది. మడమ ఎముక నుంచి వేళ్లదాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది, ఎక్కువసేపు గట్టి నేల మీద నిలబడేవాళ్లకి, బరువు పెరిగినవాళ్లకి అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకుని, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగడం వల్ల ఆ పోటు. చాలామందికి ఆపరేషను లేకుండానే ఏడాదిలోపు తగ్గుతుంది. మంచం దిగకముందే తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగాలి, గోడకి చేతులానించి పిక్క సాగదీయాలి, గడ్డకట్టిన నీళ్ల సీసా అరికాలి కింద దొర్లించాలి, ఇంట్లో కూడా చెప్పులేసుకోవాలి. ఇవన్నీ నాకు డాక్టరు కన్నా ముందు మా వాడే చెప్పాడు, ఆ తువ్వాలు పాఠం వాడు నేర్చుకున్నదే కదా.

ఇప్పుడు సంతరోజు రాత్రి ఫోను చేసేది వాడు. పర్వాలేదంటే ఒప్పుకోడు. మంచం దిగాక మొదటి అడుగుకి నొప్పి పదికి ఎంత, పదో అడుగుకి ఎంత, పోయిన వారం ఎంత అని అడిగి రాసుకుంటున్నాడు. మూడు వారాల అంకెలు చూసి, ఇవి ఒకదానికొకటి పొసగడం లేదు, మధ్యలో వ్యాయామం ఎగ్గొట్టావు అన్నాడు. లెక్కల మాస్టారు మరి.